చేత్తో తిప్పిన ఫోకస్

గోదావరిఖనిలో పాస్‌పోర్ట్ ఫోటో దిగాలనుకునేవాళ్ళు మధ్యాహ్నం పూట వెళ్ళకూడదు. ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో బ్లాస్టింగ్ జరిగేది అప్పుడే. నేల ఒక్కసారి గుర్రుమంటుంది, కిటికీ అద్దాలు టకటకలాడతాయి, గోడ మీది క్యాలెండర్ ఊగుతుంది. ఊళ్ళోవాళ్ళెవరూ తలెత్తి కూడా చూడరు గానీ, ఫోటోలో మాత్రం మనిషికి నాలుగు కళ్ళు పడతాయి.

ఈ సంగతి తెలిసిన ఫోటో స్టూడియో యమున ఆ వేళకు కెమెరా పక్కన పెట్టి అన్నం డబ్బా తెరుస్తుంది. ఆ రోజు డబ్బా మూత తీయకముందే, వానలో సగం తడిసిన యువకుడొకడు స్టూడియోలోకి వచ్చి, ఎవరూ కూర్చోమనకుండానే స్టూలు మీద కూర్చున్నాడు.

"ఒక పాస్‌పోర్ట్ ఫోటో కావాలండి. కొంచెం త్వరగా. డ్యూటీకి పోవాలి."

"జరసేపు ఆగుండ్రి సార్. బ్లాస్టింగ్ టైమయింది."

"ఫర్వాలేదు. నేను కదలను."

"మీరు కదలరు సార్, భూమి కదులుతది."

"నేనూ ఇక్కడ పుట్టినవాణ్ణేనండి. మీరు నొక్కండి."

యమునకు ఒళ్ళు మండింది. నీ ఖర్మ అనుకుని నొక్కబోయింది. సరిగ్గా అప్పుడే నేల గుర్రుమంది. బల్ల మీద కరెంటు బిల్లులు ఎగిరిపోకుండా పెట్టిన నల్లటి బరువొకటి దొర్లుకుంటూ అంచు దాటింది. స్టూలు మీది మనిషి ఒక్క గెంతు గెంతి, మోకాళ్ళ మీద పడి, దాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు. ఫ్లాష్ వెలిగింది.

కెమెరా తెరమీద ఒక మోచెయ్యి, ఎగిరిన జుట్టు, తెరిచిన నోరు.

"కదలనన్నరు?" అంది యమున.

అతను వినడం లేదు. చేతిలోని నల్లటి బరువును వెలుతురుకేసి పట్టి, అప్పుడే పుట్టిన పిల్లను చూసినట్టు చూస్తున్నాడు. "ఇది పేపర్‌వెయిట్ కాదండీ!"

"నాకెరుకే. లెన్సు. మా బాపుది."

"తెలిసి కూడా బిల్లుల మీద పెట్టారా?"

"ఏం చెయ్యాలె మరి? దండేసి దీపం వెట్టాల్నా? దాని కెమెరా ఎప్పుడో చచ్చింది. లోపలి అద్దం ఇరుక్కపోయింది. ఇదొక్కటే మిగిలింది."

అతను యమున కెమెరా వైపు చూశాడు. "మీది మిర్రర్‌లెస్సే కదా? అయితే ఇది మళ్ళీ బతుకుతుందండి."

"మాటకొక అండి. మీది ఆంధ్రనా?"

"అమ్మానాన్నలది భీమవరం పక్క. నాది పక్కా ఖని."

"పక్కా ఖని అయితే బ్లాస్టింగ్ టైముకు ఫోటోకు రారు."

అతను నవ్వాడు. పై వరసలో ఒక పన్ను పక్కదాని మీదికి ఒరిగి ఉంది. నవ్వితే అది ముందుగా బయటికొస్తుంది. యమున చూపు మళ్ళీ కెమెరా తెర మీదికి తిప్పుకుంది.

అతని పేరు జశ్వంత్. బాయిలో, అంటే బొగ్గు గనిలో, సర్వేయర్. భూమి లోపల దూరాలు కొలిచే ఉద్యోగం. ఖాళీ దొరికితే పాత లెన్సులు వెతికి, తుడిచి, కొత్త కెమెరాలకు తగిలించుకునే పిచ్చి. డ్యూటీ తొందర మరిచిపోయి, వాన ఆగే దాకా అతను ఆ పిచ్చి గురించే చెప్పాడు. పాత కెమెరాలో లెన్సుకూ ఫిల్ముకూ మధ్య ఒక అద్దం ఉండేది, అది లేచి పడటానికి చోటు కావాలి కాబట్టి లెన్సు కాస్త ఎడంగా ఉండేది. కొత్త కెమెరాల్లో ఆ అద్దమే లేదు. లెన్సును మళ్ళీ తన పాత దూరంలో నిలబెట్టడానికి ఒక బిళ్ళ దొరుకుతుంది, అడాప్టర్ అంటారు.

"ఆ బిళ్ళల ఏముంటది?"

"ఏమీ ఉండదు. గాజు కూడా ఉండదు. వట్టి ఖాళీ."

"వట్టి ఖాళీని కొనుక్కోవాల్నా?"

"సరైనంత ఖాళీ ఉండాలండి. ఎక్కువైనా తక్కువైనా దూరంగా ఉన్నది తేటగా కనపడదు."

యమున నవ్వబోయి ఆగింది. ఆ లెన్సు మళ్ళీ ఫోటోలు తీస్తుందంటే ఆమెకు తండ్రి గుర్తొచ్చాడు.

అదే బాయిలో కార్మికుడైన సదయ్య ఆ నెలాఖరుకు దిగిపోతున్నాడు. కంపెనీలో రిటైర్మెంటును అందరూ అలాగే అంటారు. వయసులో ఉన్నప్పుడు డ్యూటీ లేని పూటల్లో మెడలో కెమెరా వేసుకుని తిరిగేవాడు. తన గ్యాంగులో ఎవరు దిగిపోయినా, ఆఖరి షిఫ్టు చేసి బాయిలోంచి బయటికొచ్చే క్షణాన, స్నానం చెయ్యకముందు, మొహం నిండా బొగ్గుతో, ఈ లెన్సుతోనే ఫోటో తీసేవాడు. కాలనీలో ఏ క్వార్టర్‌కు పోయినా ముందుగదిలో అలాంటి ఫోటో ఒకటుంటుంది. కెమెరా పాడయ్యాక ఆ ఆచారం ఆగిపోయింది. మొన్న అన్నం తింటూ సదయ్య నవ్వుతూనే అన్నాడు: "అందరిని తీసిన. నన్ను దాంతోని తీసేటోడే లేకపాయె."

యమున అతని చేతిలోని లెన్సు వైపు చూసింది.

"నెలాఖరుకు మా బాపు దిగిపోతడు. బాయిలకెళ్ళి వచ్చేటప్పుడు దీంతోనే తియ్యాలె. ఆ లోపల ఇది పని చేస్తదా?" అని జశ్వంత్‌ను అడిగింది.

"లోపలి గాజుకు బూజు పట్టింది. తుడవాలి. నాకు ఇస్తే చేసి తెస్తాను."

"పాడు చేస్తే?"

"నా ఫోటో మీ దగ్గరుందిగా. పోలీసులకివ్వండి" అన్నాడు, తెరమీది మోచేతిని చూపిస్తూ.

* * *

లెన్సు అతని దగ్గరికి వెళ్ళింది. అతను మాత్రం స్టూడియోకే వస్తూ ఉన్నాడు.

ఒకసారి ఫోటోలో చెవులు పెద్దగా ఉన్నాయన్నాడు. ఒకసారి వెనుక నీలం తెర కావాలన్నాడు. ఇంకోసారి తెలుపే బాగుందన్నాడు.

"ఎన్ని నౌకర్లకు అప్లయి చేస్తున్నరు సార్?"

"అవసరం పడతాయండి. దగ్గర పెట్టుకుంటే మంచిది కదా."

"ఖనిల మీ మొఖం తెలువనోళ్ళు ఇంక మిగలరు."

ఆ వారం ఒకావిడ వచ్చింది. జరీ అంచు నేత చీర, చేతిలో గొడుగు. స్టూడియో అంతా కలియజూసి, "ఇక్కడేనా అమ్మాయ్, పాస్‌పోర్ట్ ఫోటోలు తీసేది?" అంది.

"ఇక్కడనే అమ్మా. ఎవలకు?"

"ఎవరికీ వద్దు. ఊరికే చూసిపోదామని వచ్చా." ఆవిడ స్టూలు మీద కూర్చుంది. "మా అబ్బాయి అలమరా సర్దుతుంటే సొరుగు నిండా వాడి ఫోటోలే. వయసొచ్చిన పిల్లాడు అమ్మాయి ఫోటో దాచుకున్నాడంటే అర్థముంది. వాడి మొహం వాడే ఇన్ని దాచుకోవడమేంటని బెంగపడ్డాను. కవర్ల మీద మీ స్టూడియో పేరుంది."

యమున చెవుల దాకా ఎర్రబడింది. ఆవిడ, అంటే జశ్వంత్ తల్లి మాణిక్యాంబ, ఆ ఎరుపును తీరిగ్గా చూసి, గొడుగు తీసుకుని లేచింది. "బెంగ తీరిందిలే" అంటూ మెట్లు దిగింది.

నెలాఖరుకు ముందురోజు స్టూడియో మూసే వేళకు జశ్వంత్ పరుగున వచ్చి మెత్తటి గుడ్డలో చుట్టిన లెన్సునూ అడాప్టర్‌నూ ఆమె చేతిలో పెట్టాడు. లెన్సు గాజు మీద వీధి దీపం ఊదారంగులో మెరిసింది.

"రేపు నాదీ మొదటి షిఫ్టే. పెద్దాయన వెంటే కిందికి పోతాను. మీరు పైన రెడీగా ఉండండి."

"మా బాపుకు చెప్పకుండ్రి."

"చెప్పను. అసలు లోపలికి పోయాక ఎవరికీ ఏమీ చెప్పలేను. ఫోన్లు పైనే పెట్టి పోవాలి."

ఇంట్లో తండ్రి ఉండగా పరీక్షించే వీలు చిక్కలేదు. పొద్దున సదయ్య భార్యకొకసారి, కూతురికొకసారి చెప్పి ఆఖరి డ్యూటీకి వెళ్ళాక, యమున తలుపు వేసుకుని లెన్సును కెమెరాకు బిగించింది. తెర మీద తల్లి కనకవ్వ ఉల్లిగడ్డలు తరుగుతూ కనిపించింది. యమున సంబరంగా బటన్ నొక్కింది.

చప్పుడు లేదు. తెర మీద రెండు ముక్కలు: లెన్స్ లేదు.

మళ్ళీ విప్పి బిగించింది. లెన్స్ లేదు. గుడ్డతో తుడిచి బిగించింది. లెన్స్ లేదు.

ఆమె జశ్వంత్‌కు ఫోన్ చేసింది. ఎత్తే మనిషి భూమి లోపలున్నాడు. వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టింది.

"సార్, మీరిచ్చిన లెన్సు పని చేస్తలేదు. జల్ది ఫోన్ చెయ్యుండ్రి."

కాసేపటికి ఇంకొకటి: "లెన్సే లేదంటున్నది కెమెరా! చేతిల ఇంత బరువున్నది, లేదంటదేంది? లోపల ఏం ఇప్పినవ్?"

తర్వాతిది మరికొంచెం పొడుగు: "బిల్లుల మీదనన్న మంచిగుండె. నీకెందుకిచ్చిన నేను? మా బాపు ఇయ్యాల్నే దిగిపోతడు. రేపు మళ్ల దిగుతడా? నీ సెవులు పెద్దగున్నయంటివి గద, అవి పట్టుకుని మెలేస్త. మళ్ల నా దుకాణం మెట్టెక్కు, చెప్త!"

ఫోన్ పక్కన పడేసి ముక్కు తుడుచుకుంది. వంటింట్లోంచి కనకవ్వ అడిగింది: "ఎవన్నే గట్ల తిడుతున్నవ్?"

"ఎవన్ని లేదు."

"ఎవన్ని లేదా? గంత ప్రేమగ?"

* * *

దిగిపోయే రోజు ఇంటివాళ్ళు దండలతో బాయి దాకా రావడం మామూలే. సన్నగా తుంపర పడుతోంది. కనకవ్వ, చుట్టాలు, డప్పులవాళ్ళు షెడ్డు కింద నిలబడ్డారు. యమున మాత్రం సొరంగం మొగదలకు ఎదురుగా, కెమెరాకు మామూలు లెన్సు తగిలించుకుని నిలబడింది. పాత లెన్సు సంచిలో ఉంది. సంచి బరువుగా ఉంది.

షిఫ్టు ముగిసింది. చీకట్లోంచి టోపీ లైట్లు ఒకటొకటిగా పైకొచ్చాయి. ముందుగా వచ్చినవాళ్ళలో ఒకడు నేరుగా ఆమె వైపే నడిచాడు. మొహమంతా బొగ్గు. నవ్వగానే పక్కదాని మీదికి ఒరిగిన పన్ను బయటపడింది.

"పెద్దాయన ఆఖర్న వస్తున్నారు, గ్యాంగువాళ్ళు వదలడం లేదు. అదేంటి, ఆ లెన్సు పెట్టలేదేం?"

"దాన్ని చంపి నన్నడుగుతున్నవా?"

"నేనా?"

"లెన్సే లేదంటున్నది కెమెరా. బటన్ పడుతలేదు."

జశ్వంత్ నుదురు కొట్టుకున్నాడు. "అయ్యో! ఆ సెట్టింగు! నా కెమెరాలో ఎప్పుడో పెట్టుకుని మర్చిపోయానండి. కొత్త లెన్సులు కెమెరాతో మాట్లాడతాయి. ఇది మాట్లాడదు. అందుకని ఎదుట ఎవరూ లేరనుకుంటుంది. లెన్సు లేకపోయినా ఫోటో తియ్యమని మనం మెనూలో చెప్పాలి."

"అయితే చెప్పు మరి!"

అతను చెయ్యి చాచి, టక్కున వెనక్కి లాక్కున్నాడు. రెండు అరచేతులూ ఆమె ముందు పెట్టాడు. గోళ్ళ సందుల దాకా బొగ్గు. "ఈ చేతులతో ముట్టుకుంటే కెమెరా కూడా చస్తుంది. మీరే మార్చాలి."

యమున చున్నీ కింద దాచి లెన్సు మార్చింది. అతను ఆమెకూ తుంపరకూ మధ్య గొడుగులా వంగి నిలబడ్డాడు.

"మెనూ. కిందికి పోండి. ఇంకా కిందికి. దాటేశారు, పైకి..."

"ఒర్లకు, చూస్తున్న."

"అదే. లెన్స్ లేకుండా రిలీజ్. ఆన్ చెయ్యండి. ఆ కింద ఫోకస్ పీకింగ్. అదీ ఆన్. ఫోకస్ కుదిరిన చోట అంచులు ఎర్రగా మెరుస్తాయి."

యమున నొక్కింది. టక్. లోకంలో అంత చక్కని చప్పుడు ఇంకోటి లేదనిపించింది.

"ఇది దానంతటది ఫోకస్ చేసుకోదు. ఆయన నడిచొస్తుంటే వెంటపడి తిప్పితే దొరకరు. ఆగే చోట ముందే ఫోకస్ పెట్టుకోండి. ఆయనే వస్తారు."

"యాడ ఆగుతడు?"

"ఆ సున్నం గీత దగ్గర. అక్కడే దండలేస్తారు."

"ఉత్త గాలి మీద ఎట్ల పెట్టాలె? నువ్వు పోయి నిలబడు."

జశ్వంత్ వెళ్ళి గీత మీద నిలబడ్డాడు. యమున కన్ను ఆనించి లెన్సును తిప్పింది. మొదట వట్టి మసక. మెల్లగా తిప్పింది. మసకలోంచి టోపీ తేలింది, దాని కింద నుదురు. ఇంకొంచెం. కళ్ళు. బొగ్గు మొహంలో ఆ కళ్ళకు ఎవరో కాటుక దిద్దినట్టుంది. రెప్పల మీద బొగ్గు పొడి, దాని మీద తుంపర చుక్కలు. ఎర్రటి మెరుపు రెప్పల అంచుల దాకా వచ్చి ఆగింది. ఫోకస్ కుదిరింది. కుదిరిందని తెలుస్తూనే ఉంది. అయినా కన్ను తీయబుద్ధి కాలేదు.

అతను కూడా కదల్లేదు. లెన్సులోకే చూస్తున్నాడు.

టక్.

"అయిందాండి?" అని అరిచాడు.

"అయింది. పక్కకు జరుగు!"

డప్పులు మొదలయ్యాయి. సొరంగంలోంచి ఈలలు, కేకలు. గ్యాంగు మధ్యలో సదయ్య నడిచొస్తున్నాడు. పక్కవాళ్ళతో ఏదో అంటూ తలెత్తాడు. ఎదుట కూతురు. కూతురి చేతిలో కెమెరా. కెమెరాకు ముందు తనకు బాగా తెలిసిన ఆ నల్లటి లెన్సు, దాని మీద అరిగిపోయిన తెల్ల అంకెలు.

ఎవరూ ఆగమనకుండానే అతను సున్నం గీత మీద ఆగాడు. ఎన్నిసార్లు ఎంతమందిని అక్కడ ఆపాడో! టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. నవ్వాడు. నవ్వుతుంటే బొగ్గు మీద ఒక తడి చార చెంప దాకా జారింది.

యమున నొక్కింది.

* * *

సాయంత్రం స్టూడియోకు జశ్వంత్ వచ్చాడు. స్నానం చేసినా కంటి అంచుల్లో బొగ్గు కాటుక పోలేదు. మెట్టు దగ్గరే ఆగి చెవులు రెండూ చేతులతో మూసుకున్నాడు.

"మెట్టెక్కితే మెలేస్తానన్నారు. ఎక్కొచ్చా?"

యమునకు భూమిలోకి దిగిపోవాలనిపించింది. వాయిస్ మెసేజుల సంగతే మరిచిపోయింది.

"అవన్ని తీసేయుండ్రి సార్."

"తియ్యను. మీరు మొదటిసారి నన్ను నువ్వన్నది అందులోనే." వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. "ఒక పాస్‌పోర్ట్ ఫోటో."

"మళ్లనా? నిజం చెప్పు. అసలు ఎన్ని అప్లికేషన్లు వెట్టినవ్?"

"ఒక్కటే పెట్టాను. ఫోటోలే ఎక్కువయ్యాయి. జవాబు ఇంకా రాలేదు."

బయట వాన పెద్దదైంది. యమున కెమెరా తీసుకుని, తల వంచుకుని, లెన్సును అటూ ఇటూ తిప్పింది.

"కదలకుండ కూసో" అంది. "జవాబు సంగతి మా బాపును అడిగి చెప్త."

* * *

ఆదివారం సదయ్య ఇంట్లో దావత్. జశ్వంత్ తండ్రి అచ్యుతరావు కూడా ఒకప్పుడు కంపెనీలోనే గుమాస్తా కాబట్టి తల్లిదండ్రులతో సహా జశ్వంత్‌ను పిలిచారు. తండ్రిని ఎలా అడగాలో తెలియక యమున ఆ పూటంతా వడ్డించిన వాళ్ళకే మళ్ళీ వడ్డిస్తూ తిరిగింది.

సదయ్య అరుగు మీద కూర్చుని కెమెరాలో తన ఫోటో చూసుకుంటున్నాడు. చూస్తూ చూస్తూ పక్క బటన్ నొక్కాడు. తన ఫోటోకు ముందు ఫోటో వచ్చింది. దాన్ని తన ఫోటో కంటే ఎక్కువసేపు చూశాడు.

"బిడ్డా, ఇటు రా. గీ సర్వే సారును ఎవలు తీసిండ్రు?"

"నేనే బాపు. ఉత్త ట్రయల్. నువ్వు ఆగే చోట ఫోకస్ చూసుకున్న."

"ట్రయల్‌కు రెప్పల మీది పొడి దాక వెట్టాల్నా?"

"నేను పెట్టలే. కెమెరానే దానికదే పట్టుకున్నది."

సదయ్య కెమెరా ఒళ్ళో పెట్టుకున్నాడు. మీసాల కింద నవ్వు దాచలేకపోయాడు. "యమునా, ఈ లెన్సును నేను పెండ్లికి ముందుకెళ్ళి తిప్పుతున్న. దానికదే పట్టుకునుడు దీనికి రాదు. సూసేటోళ్ళు మనసు వెట్టి తిప్పితేనే గింత తేటగ వస్తది."

వెనక నుంచి కనకవ్వ గిన్నె దించి అంది: "నన్ను గట్లనే తీసిండు. ఫోకస్ కుదురుతలేదు, కుదురుతలేదనుకుంట సగం పూట ఎండల నిలవెట్టిండు."

"కుదిరింది గద మరి" అన్నాడు సదయ్య.

మాణిక్యాంబ విస్తరి ముందు నుంచే గొంతు కలిపింది: "అన్నయ్యగారూ, మా ఇంట్లో వాడి ఫోటోలు పెట్టడానికి ఇంక చోటు లేదు. పక్కన ఇంకో మొహం ఉన్న ఫోటో ఒక్కటిప్పిస్తే, అవన్నీ తీసేసి అదే పెట్టుకుంటా."

అచ్యుతరావు పెరుగన్నం కలుపుతూ తలూపాడు. ఆ ఇంట్లో ఆయన సమ్మతి ఎప్పుడూ అలాగే వస్తుంది.

సదయ్య జశ్వంత్‌ను చూశాడు. "ఏం సారు? దూరాలు కొలిచేటోడివి. ఇంత దూరం వచ్చినంక చెప్పవేంది?"

"సారు అనకండి" అన్నాడు జశ్వంత్, చెవులు ఎర్రబడి. "మీరు ఒప్పుకుంటే..."

"ఒప్పుకునుడు తర్వాత. ముందుగాల ఇద్దరు పోయి గా గోడకు నిలవడుండ్రి. ఎట్లుంటరో సూస్త."

ఇద్దరూ వెళ్ళి నిలబడ్డారు. మధ్యలో ఇంకో మనిషి పట్టేంత ఎడం. సదయ్య కన్ను ఆనించాడు, లెన్సు తిప్పాడు, ముఖం చిట్లించాడు. ఒక అడుగు వెనక్కి వేశాడు. ఇంకో అడుగు. వెనక నీళ్ళ గాబుకు తగిలాడు.

"ఇదేంది? ఎనుకట గింత దగ్గరగ కనవడకపోతుండె. ఇద్దరు పడుతలేరు."

"ఈ కెమెరాలో సెన్సరు మీ ఫిల్ము కంటే చిన్నది" అన్నాడు జశ్వంత్. "అందుకే అంచులు కోసుకుపోతాయి. ఇంకాస్త వెనక్కి పోవాలి."

"ఇంక ఎనుకకు ఏడికి పోవాలె? గాబుల దిగాల్నా?"

కనకవ్వ చీర కొంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చి, గోడ దగ్గరి ఇద్దరినీ ఒకసారి, గాబుకు ఆనుకున్న మొగుణ్ణి ఒకసారి చూసింది.

"నువ్వు ఎనుకకు పోవుడెందుకయ్యా?" అంది. "వాళ్ళనే దగ్గరికి జరగమను."